పుచ్చుకొన్న చేయి, పెట్టు చేయి

రంజాను మాసపు కడపటి పది దినములలో నిజామాబాదు పట్టణమును చూడవలెను. ప్రొద్దు గ్రుంకి, ఉపవాసములు విడిచి, సాయంకాలపు నమాజు ముగిసిన పిమ్మట అహ్మదీ బజారు దీపముల వెలుగుతో నిండిపోవును. ఖర్జూరములు, సేమియాలు, అత్తరులు, గాజులు, క్రొత్తబట్టలు అన్నియు నొక్కచోటనే రాశులు పడియుండును. ఆ సందడి నడుమనే దుకాణముల గడపలయొద్ద మరియొక వరుస నిలిచియుండును. అందు వృద్ధులుందురు; చంకబిడ్డలతో తల్లులుందురు; బురఖా మాటున మొగము దాచుకొన్న గృహిణులుందురు. షావుకారు గల్లాపెట్టె తెరచి, ముందుగనే మార్చి యుంచుకొన్న చిన్న నోట్లను ఒక్కొక్కరి చేతిలో నొక్కొక్కటిగా నుంచును. చేయి ముడుచుకొనును. వరుస ముందునకు సాగును. పండుగ నెలవంక కనిపించునప్పటికి ఆ వరుస చెదరిపోవును. మరుసటి రంజానునకు అదే గడపలయొద్ద ఆ చేతులే మరల కనిపించును.

ఇచ్చువాని భక్తిలో లోపము లేదు. పుచ్చుకొనువాని అక్కఱలో అబద్ధము లేదు. అయినచో ఏటేట ఇంత ధనము చేతులు మారుచుండగా ఆ వరుస పొడవు తగ్గకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్న నిజామాబాదునకు, బోధనునకు మాత్రమే చెందినది కాదు. కాని పట్టణ జనాభాలో మూడింట నొక వంతునకు మించి ముస్లిములున్న యీ ఊరిలో, చక్కెర కర్మాగారము మూతపడి జీతముల రాక నిలిచిపోయిన యా బోధనులో, దానికొక ప్రత్యేకమైన తీవ్రత కలదు. ఇచ్చట జకాతును గూర్చిన విచారము కేవలము మతగ్రంథ విచారము కాదు. అది కూటికిని గుడ్డకును సంబంధించిన విచారము.

మాట వెనుక మర్మము

మొదట మాటను చూతము. జకాతు అరబ్బీ పదము. దాని ధాతువునకు శుద్ధి యనియు, వృద్ధి యనియు రెండర్థములు. ఉన్నదానినుండి కొంత తీసివేసినచో తరుగవలెను గాని పెరుగుట యెట్లని సందేహము కలుగవచ్చును. చెరకు పండించు రైతున కీ రహస్యము క్రొత్తది కాదు. మొక్క తోటను నేలమట్టముగ నరికిన పిమ్మట ఆ మోళ్లనుండియే పిలకలు లేచి, మరుసటి యేడు కార్శి తోటయై మరల పంట నిచ్చును. కాలము మించినను నరుకక వదలిన చెరకు పూత వేసి, బెండువారి, రసము కోల్పోవును. ధనమును అట్టిదేయని యా పదము చెప్పక చెప్పుచున్నది.

దక్కను భూమిలో ఈ మాటకు వేరొక గతి పట్టినది. బోధనునకు పొరుగుననే యున్న మరాఠీ భాషలో జకాతు అనగా ఊరిలోనికి వచ్చు సరుకులపై వసూలు చేయు సుంకమను అర్థము స్థిరపడినది. బీదవాని హక్కుగా పుట్టిన మాట నాకాయొద్ద బండ్ల నాపు సుంకమైపోయినది. మాటలకు ఇట్టి దశలు కలుగుచుండును. ఆచారములకును కలుగుచుండును. అర్థము జారిపోయి ఆకారము మాత్రము నిలిచియుండుట రెండింటికిని సహజమే.

ఇస్లాములో ఇచ్చుటకు మూడు పేర్లు ప్రసిద్ధములు. మనసు పుట్టినపుడు మనసు పుట్టినంత ఇచ్చునది సదఖా. రంజాను పండుగ నమాజునకు ముందుగ ఇంటిలోని ఒక్కొక్క తలకు ఇంత ధాన్యమని కొలిచి, లేదా దాని వెలను లెక్కించి, ఇచ్చునది ఫిత్రా. జకాతు ఈ రెంటివంటిది కాదు. అది విధి. నమాజు, ఉపవాసములతో పాటు మతమునకు మూలస్తంభములుగా నెన్నబడు అయిదింటిలో నొకటి. ధనికుని సొత్తులో బీదవాని భాగము ముందే కలదనియు, దానిని వేరుచేసి యొప్పగించుట ఋణము తీర్చుట వంటిదే గాని ఔదార్యము కాదనియు దాని యంతరార్థము. కనుక పుచ్చుకొనువాడు తలవంచవలసిన పనిలేదు. ఇచ్చువాడు తల యెత్తవలసిన పనియు లేదు.

దీని లెక్కలు నిర్దిష్టములు. ఏడున్నర తులముల బంగారము, అనగా 87.48 గ్రాములు గాని, ఏబదిరెండున్నర తులముల వెండి, అనగా 612.36 గ్రాములు గాని, అంత విలువగల రొక్కము, వ్యాపారపు సరుకు గాని అప్పులు పోను మిగిలి, ఒక చాంద్రమాన సంవత్సరము నిలిచియున్నచో, అందు నలువదవ వంతు జకాతుగ చెల్లింపవలెను. నూటికి రెండున్నర యన్నమాట. ఈ కనీసపు మేరకు నిసాబు అని పేరు. నివసించు ఇంటికి, కట్టు బట్టకు, చేతిపనివాని పనిముట్లకు జకాతు లేదు. పనిముట్టును విడిచిపెట్టిన యీ నియమమును జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో పని యున్నది.

ఇంకొక చమత్కారము కలదు. శ్రమ తగ్గిన కొలది భాగము హెచ్చుట యీ ధర్మశాస్త్రపు క్రమము. భూమిలో దొరకిన నిక్షేపములో నయిదవ వంతు ఇయ్యవలెను. వాన నీటితో పండిన పంటలో పదవ వంతు. మోటతోనో, కూలి పెట్టియో, వెల యిచ్చియో నీరు పెట్టి పండించిన పంటలో ఇరువదవ వంతు. చెమటోడ్చి వర్తకము చేసి కూడబెట్టిన ధనములో నలువదవ వంతు. ఒక్కొక్క మెట్టున భాగము సగమగుచున్నది. పంటపై నిచ్చు భాగమునకు ఉష్రు అని పేరు. భారతదేశపు భూములకు అది యెంతవరకు వర్తించునను విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. అయినను శ్రమను తూచి పన్నును నిర్ణయించిన ఆ త్రాసు మెచ్చదగినది.

గొడ్డలి కథ

జకాతు ఎవరికి చెందవలెనను విషయమును ఖురాను తొమ్మిదవ అధ్యాయమున అరువదవ వాక్యము నిర్ణయించుచున్నది. ఆ గ్రంథమును తెలుగులోనికి తెచ్చిన తొలి పండితుడు చిలుకూరి నారాయణరావు గారని తెలుగు పాఠకులకు విదితమే. ఆ వాక్యము ప్రకారము అర్హులు ఎనిమిది తెగలవారు: పేదలు, దిక్కులేనివారు, జకాతు వసూలు చేయు ఉద్యోగులు, హృదయములను చేరదీయవలసినవారు, దాస్యమున చిక్కినవారు, ఋణగ్రస్తులు, దైవమార్గమున శ్రమించువారు, దారి ఖర్చు లేక చిక్కుపడిన బాటసారులు. ఈ జాబితాను తరచి చూచినచో ఒక విషయము స్పష్టమగును. దాసుని విడిపించినచో వాడు మరల దాసుడు కాడు. అప్పు తీర్చినచో వాడు మరల లేచి నిలువగలడు. బాటసారిని ఇల్లు చేర్చినచో వాని కింక దారి ఖర్చుతో పనిలేదు. అనగా ఈ ధర్మము కోరునది నాటి యాకలి తీరుట మాత్రమే కాదు. ఆ స్థితియే తొలగిపోవుట.

దీనికి ప్రవక్త జీవితమునుండి ఒక కథను ముస్లిము పండితులు తరచుగ నుదాహరింతురు. అబూ దావూదు సంకలనము చేసిన హదీసు గ్రంథమున అది యున్నది. మదీనావాసి యొకడు ప్రవక్తయొద్దకు వచ్చి యాచించెను. ఇంటిలో ఏమున్నదని ప్రవక్త యడిగెను. సగము కప్పుకొని సగము పరచుకొను కంబళి యొకటి, నీళ్లు త్రాగు పాత్ర యొకటి కలవని వాడు చెప్పెను. వానిని తెప్పించి, తన చేతులతో వేలము వేసి, రెండు దిర్హములకు అమ్మెను. ఒక దిర్హముతో ఇంటివారికి తిండి కొనుమనెను. రెండవ దానితో గొడ్డలి కొని తెమ్మనెను. తెచ్చిన గొడ్డలికి తానే పిడి తొడిగి, పోయి కట్టెలు కొట్టి యమ్ముకొమ్మనియు, పదునైదు దినములవరకు తన కంటబడవద్దనియు చెప్పి పంపెను. గడువు తీరిన పిదప వాడు పది దిర్హములు సంపాదించి, కొంతతో బట్టలు, కొంతతో తిండి కొనుక్కొని వచ్చెను.

ఈ కథలో గొడ్డలికంటె పిడి ముఖ్యమైనది. డబ్బు వానిదే, ప్రవక్త యిచ్చినది తన చేతి శ్రమ, పదునైదు దినముల గడువు, గడువు పిదప విచారణ. బీదవాని నిలబెట్టుటకు ధనముతో పాటు ఈ మూడును కావలెను.

మన పోతన గారి భాగవతమున కుచేలోపాఖ్యానము తెలుగువారందరికి పరిచితము. పిడికెడటుకులు తెచ్చిన చెలికానికి కృష్ణుడు పిడికెడటుకులు తిరిగి యియ్యలేదు. ద్వారకలో నున్నన్నాళ్లు ఆదరించి, చేతిలో ఏమియు పెట్టకయే సాగనంపెను. కుచేలుడు ఇల్లు చేరి చూచుకొన్నపుడు గాని తనకు దక్కినదేమో యెరుగడు. అతడు మరల అడుగ వచ్చిన కథ లేదు. ఇచ్చునపుడు ఇంకొకసారి అడుగ నక్కఱలేనట్లు ఇయ్యవలెనను మాట ఏ యొక్క మతము సొత్తును కాదు.

రెండవ ఖలీఫా ఉమరు అభిప్రాయమును ఇదియే. ఇచ్చునపుడు లేమి తీరునంతగ ఇయ్యవలెనని అతడు చెప్పినట్లు తొమ్మిదవ శతాబ్దివాడైన అబూ ఉబైదు తన ‘కితాబుల్ అమ్వాల్’ అను ఆర్థిక గ్రంథమున వ్రాసెను. పదుమూడవ శతాబ్దివాడైన నవవీ మొదలగు షాఫియీ ధర్మశాస్త్రజ్ఞులు ఇంకను ముందునకు పోయిరి. పని తెలిసినవానికి పనిముట్ల వెల ఇయ్యవలెను; వర్తకము తెలిసినవానికి ఆ వర్తకమునకు తగిన పెట్టుబడి ఇయ్యవలెను. కూరగాయలమ్మువానికి కావలసినది వేరు, రొట్టెలు కాల్చువానికి కావలసినది వేరు, రత్నముల వర్తకునకు కావలసినది వేరని వారి శాఖలో వృత్తుల వారీగ లెక్కలు సయితము వ్రాసిరి.

కాని దక్కనులోని ముస్లిములలో అధిక సంఖ్యాకులు హనఫీ సంప్రదాయమువారు. ఆ సంప్రదాయమున ఒక్కనికే నిసాబు నిండునంత జకాతు నిచ్చుట అంత మెచ్చదగిన పని కాదు. పలువురకు చెందవలసినది ఒక్కనికే పోకుండుటకు ఈ కట్టుబాటు. చిన్న నోట్లు పంచు షావుకారు ఈ సంప్రదాయము అండయున్నదని తలచుట కద్దు. కాని అది సరికాదు. అప్పులున్నవానికి ఆ కట్టుబాటు లేదు. పెద్ద కుటుంబము గలవానికి, తలకింత యని పంచినపుడు ఎవరి వంతును నిసాబు నిండనంతవరకు, ఎక్కువ యిచ్చుటకు అభ్యంతరము లేదు. పైగా నేటి వెండి వెలను బట్టి చూచినచో ఒక కుట్టుమిషను గాని, ఒక తోపుడుబండి గాని నిసాబు దరిదాపులకైనను రాదు. శాస్త్రము వలదన్నది ఒక్కని ధనికుని చేయుటను. నూరుగురను నూరు రూపాయలతో పంపివేయుమని యెచ్చటను చెప్పలేదు.

నీరు, చెరకు, ఆకు

ఇట్టి ధర్మము ఇచ్చటి నేలపై ఎట్లు నిలువగలదో తెలియవలెనన్న ఈ సీమ కథ కొంత తెలియవలెను. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931 నాటికి ముగిసిన నిజాంసాగరము ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు దీక్షకు ఫలము. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని సంకల్పము. ఆ నీటి వెంట చెరకు వచ్చినది. చెరకు వెంట 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది. ఫ్యాక్టరీ వెంట శక్కర్‌నగర్ అను ఊరే వెలసినది. ఒకానొక కాలమున ఆసియా ఖండములోనే పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరుండెను. గానుగ కాలము వచ్చినదనగా చెరకు బండ్ల వరుసలు, బెల్లపు వాసన, జీతపు దినమున కళకళలాడు అంగళ్లు. రైతు, కూలి, మెకానిక్కు, గుమాస్తా, బండివాడు, టీ కొట్టువాడు అందరును ఆ పొగగొట్టము నీడన బ్రతికిరి. హిందువని ముస్లిమని భేదము లేక అందరి యింటను వెలిగిన పొయ్యి అది.

2002లో ఆ సంస్థలో అధిక భాగము ప్రైవేటు యాజమాన్యము చేతికి పోయినది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినది. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు దాని లిక్విడేషనునకు ఆజ్ఞ చేసినది. జీతపు బకాయిలకై కార్మికులు ఆందోళనలు సలిపిరి. చెరకు వేసిన పొలములు కొన్ని వరికి, కొన్ని వేరు పంటలకు మారిపోయినవి. నెలకొకసారి జీతము తెచ్చు చేయి దినకూలికై చౌరస్తాలో నిలువవలసి వచ్చినది. కొందరు అప్పు చేసి గల్ఫు దేశములకు పోయిరి. అచ్చటినుండి వచ్చు సొమ్ము కొన్ని యిండ్లను నిలబెట్టినది. కొన్నింటికి ప్రయాణపు అప్పే మిగిల్చినది.

మగవాని జీతము పోయిన ఇంటిని ఆడుదాని చాట నిలిపినది. నిజామాబాదు, బోధను, ఆర్మూరు, కామారెడ్డి ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు వేలకొలది కలరు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు కండె. కత్తిరించుట, చుట్టుట, కట్టుట, కట్టలుగా లెక్కించి కార్ఖానాకు చేర్చుట. వేయి బీడీలకింత యని కూలి. వంగిన నడుము, తంబాకు ధూళితో దగ్గు, చీకటి పడినపిదప మొద్దుబారిన వ్రేళ్లు. వారిలో పద్మశాలి స్త్రీలున్నారు. ముస్లిము స్త్రీలును ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు పింఛను నియమించుట కొంత ఊరట. కాని పింఛను ప్రాణమును నిలుపునే గాని తరమును మార్చలేదు. తల్లి ఒడిలోని చాట కూతురి యొడిలోనికి పోకుండ నుండుటయే అసలు సమస్య.

ఇందుమూలమున తెలియవలసిన దొకటి కలదు. ఈ సీమలోని పేదలలో పలువురు పుట్టుపేదలు కారు. నిన్నటివరకు తాము జకాతు ఇచ్చినవారు, కనీసము పుచ్చుకొననివారు. అట్టివారు గడపలయొద్ద వరుసలో నిలువజాలరు. అడుగ నోరాడక, పైకి మర్యాద తప్పక, లోపల క్రుంగిపోవువారిని వెదకి పట్టుకొని యిమ్మని ఖురాను ప్రత్యేకముగ హెచ్చరించుచున్నది. వరుసలో నిలిచినవారికే పంచు పద్ధతిలో వీరికి చేరునది సున్న.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. కార్మికునకు రావలసిన జీతము జకాతు కాదు; కాజాలదు. చెమట యారకమునుపే కూలి చెల్లింపవలెనని ప్రవక్త బోధించెను. పనివానికి తానీయవలసిన కూలిని జకాతు లెక్కలో వ్రాసికొనుటకు యజమానికి శాస్త్రము అనుమతి నీయదు. కనుక ధర్మము పేరుతో హక్కును మరుగుపరచరాదు. జకాతు చేయదగినది, హక్కు చేతికి వచ్చువరకు ఆ యిల్లు వడ్డీవాని వాత బడకుండ కాపాడుట. ఋణగ్రస్తుల తెగ ఎనిమిదింటిలో చేరియుండుటకు అర్థమదియే.

లెక్క

ఇపుడు పెన్సిలు కాగితము తీసికొని యొక లెక్క వేయుదము. ఒక పేటలో నిసాబు దాటి తలా నాలుగు లక్షల రూపాయల నిలువ, నగలతో కలిపి, గల కుటుంబములు ఏబది యున్నవనుకొందము. ఒక్కొక్క కుటుంబపు జకాతు పదివేలు. మొత్తము అయిదు లక్షలు. దీనిని నూరేసి రూపాయల చొప్పున పంచినచో అయిదువేల చేతులకు చేరును. ఆ నూరు రూపాయలు ఒక పూట పప్పుబియ్యములకు సరి. పండుగ మరునాడు ఆ పేటలో దారిద్ర్యము ముందెంత యున్నదో అంతయే యుండును. అదే యయిదు లక్షలను ఇరువదియైదేసి వేల చొప్పున నిచ్చినచో ఇరువది కుటుంబములకు చేరును. ఒక యింటికి కుట్టుమిషను, పని నేర్చుకొను కాలమునకు తిండి ఖర్చు. ఒక యింటికి కూరగాయల బండి. ఇంకొకచోట గల్ఫు అప్పులో మిగిలిన భాగము. మరియొకచోట పాలిటెక్నికు చదువు పిల్లవాని ఖర్చు. పదియేండ్లకు రెండువందల కుటుంబములు. అందు సగము మరల జారిపోయినను నూరు కుటుంబములు నిలిచినట్లే. అందు పదిమంది నిసాబు దాటి తామే జకాతు ఇయ్యగలిగిరేని, మోటునుండి పిలక లేచినట్లే.

ఈ లెక్క కాగితముపై నున్నంత సులభము కాదు. ఒకే సందులో పది మిషను లిచ్చినచో పదిమందికిని బట్టలు దొరకవు. బిడ్డకు జబ్బు చేసిననాడు మిషను తాకట్టు కొట్టు చేరును. సరుకు కొనుట యెట్లు, అమ్ముట యెట్లు అని చెప్పువారు లేనిచో బండి మూలబడును. గొడ్డలికి పిడి తొడుగువాడు, పదునైదు దినములకు విచారించువాడు కావలెననుట యిందుకే. అదియుగాక ఏ పనిముట్టును పట్టలేని చేతులు కొన్ని యుండును. పండు ముసలివారు, మంచము పట్టినవారు, పసిబిడ్డలతో మిగిలిన విధవ. వారికి కావలసినది పెట్టుబడి కాదు. నెలనెల తప్పక చేరు తిండి. పేదవారందరిని వర్తకులను చేయబూనుట మరియొక విధమైన మౌఢ్యమగును. ఎవరి కేది తగునో తెలిసి ఇచ్చుటయే పాత్రాపాత్ర వివేకమని మన పెద్ద లన్నది.

ఒక్కొక్కరుగ నిచ్చువారికి ఈ వివేకమునకు వలయు తీరిక యుండదు. కనుక పలువురి జకాతును ఒకచోట చేర్చు సంస్థ కావలెను. బైతుల్ మాల్ అను పేరుతో అట్టి ఏర్పాట్లు పూర్వమునుండియు నున్నవే. హైదరాబాదులో 1992లో స్థాపితమైన హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు పేద పిల్లల చదువునకు ప్రాధాన్యమిచ్చి పనిచేయుచున్నది. ఇంకను వెనుకకు పోయినచో, హైదరాబాదున 1908లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పారిసు నగరమున చిరకాలము నివసించి 2002లో మరణించిన మహమ్మద్ హమీదుల్లా పండితుడు, 1955లో ప్రకటించిన యొక వ్యాసమున హైదరాబాదు రాజ్యములోని వడ్డీలేని ఋణ సంఘములను లోకమునకు పరిచయము చేసెను. చిన్న ఉద్యోగులు తమ జీతములలో కొంత కొంత కూడబెట్టి, ఒకరికొకరు వడ్డీ లేకుండ అప్పిచ్చుకొనిన సంఘములవి. జకాతు లేచి నిలుచుటకు. ఇట్టి ఋణము నడచుటకు. రెండును జతపడినచో గాని బీదవాడు వడ్డీవాని గడప విడువలేడు.

సంస్థ యనగానే రెండు చిక్కులు వచ్చును. మొదటిది శాస్త్రమునకు సంబంధించినది. హనఫీ సంప్రదాయమున జకాతు బీదవానికి సొంతమైతీరవలెను. భవనములు కట్టుటకు, రోడ్లు వేయుటకు పనికిరాదు. ఈ నియమము అభ్యుదయమునకు అడ్డమని కొందరందురు. నిజమునకది బీదవానికి కంచె. కమిటీ పేరుతో బోర్డు వ్రేలాడునట్టి భవనము కాక, తన పేరుతో తన యింటిలో నుండు మిషను వానికి దక్కుటకే యీ నియమము. సంస్థ చేయవలసినది కొని, నేర్పి, ఒప్పగించుట. ఒప్పగించిన మీదట అది వానిదే.

రెండవ చిక్కు నమ్మకము. 1980లో పాకిస్తాను ప్రభుత్వము చట్టము చేసి, రంజాను మొదటి దినమున బ్యాంకులలోని పొదుపు ఖాతాలనుండి నూటికి రెండున్నర చొప్పున జకాతు తీసికొనుట ప్రారంభించెను. ప్రజలు ఆ దినమునకు ముందే సొమ్ము తీసివేసికొనసాగిరి. జకాతు ఇయ్యగూడదని కాదు. అది యెవరి చేతికి పోవునో నమ్మకము లేక. భారతదేశమున ఇట్టి నిర్బంధము లేదు. ఇచ్చువాడు స్వేచ్ఛగ ఇచ్చుచున్నాడు. కనుక ఇచ్చట సంస్థకు చట్టము అండగాదు, లెక్కలే అండ. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎందరు నిలిచిరి అని పేర్లు బయటపెట్టకుండ అంకెలు మాత్రము మసీదు గోడకు అంటించు పాటి ధైర్యము గల సంఘమునకు గల్లాపెట్టెలు తామే తెరచుకొనును.

మరియొక మాట. జకాతు ముస్లిము పేదలకే చెందవలెనని పండితులలో అధిక సంఖ్యాకుల మతము. శక్కర్‌నగర్‌లో పొరుగింట పొయ్యి వెలుగనివాడు వేరు మతమువాడైనచో? అట్టివానికి సదఖా నిచ్చుటకు ఏ యడ్డును లేదు. ఫిత్రాను సయితము ఇయ్యవచ్చునని అబూ హనీఫా అభిప్రాయము. ఆయన శిష్యుడైన అబూ యూసుఫు తన ‘కితాబుల్ ఖరాజ్’ అను గ్రంథమున ఒక కథ చెప్పెను. గ్రుడ్డివాడైన ముసలి యూదు ఒకడు వాకిట యాచించుచుండగా ఖలీఫా ఉమరు చూచి, అతనిని తన యింటికి తీసికొనిపోయి కొంత యిచ్చి, పిదప ధనాగారమునుండి అతనికిని అట్టివారికిని పోషణ ఏర్పాటు చేయించెను. వయసులో పన్ను తీసికొని ముసలితనమున వదలివేయుట న్యాయము కాదని అతని యుద్దేశము. ఫ్యాక్టరీలో ముప్పదియేండ్లు పనిచేసి వట్టిచేతులతో మిగిలినవారి విషయమున ఈ కథ బోధనునకు చక్కగ వర్తించును. అయితే అంత పెద్ద భారమును మోయవలసినది ఒక సమాజపు జకాతు కాదు, ప్రభుత్వమే. భారతదేశ ముస్లిముల స్థితిగతులను గూర్చి 2006లో సచార్ సంఘమును, తెలంగాణ ముస్లిములను గూర్చి 2016లో సుధీర్ సంఘమును సమర్పించిన నివేదికలు ప్రభుత్వపు బాధ్యతను స్పష్టపరచినవి. జకాతు దానికి తోడు కావలెను గాని దానికి మారు కాగూడదు.

ఎనిమిదవ శతాబ్ది యాదిలో ఉమరు బిన్ అబ్దుల్ అజీజు అను ఖలీఫా మూడేండ్లు కూడ నిండని తన పాలనలో పేదరికమును ఎంత తగ్గించెననగా, జకాతు చేత పట్టుకొని తిరిగినను పుచ్చుకొనువారు దొరకుట కష్టమయ్యెనని చరిత్రకారులు వ్రాసిరి. అందు కొంత అతిశయోక్తి యుండవచ్చును. కాని ఆ కథ నొక కొలమానమును మన చేతికిచ్చుచున్నది. ఎన్ని చేతులలో నోట్లుంచితిమనునది లెక్క కాదు. మరుసటి యేడు ఎన్ని చేతులు రాలేదనునది లెక్క.

రంజాను చాంద్రమానపు నెల గనుక ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. ఒకయేడు ఎండలలో వచ్చును; ఒకయేడు చలిలో వచ్చును. అది యెన్నడు వచ్చినను అహ్మదీ బజారు వెలుగును. గడపలయొద్ద వరుసయు నిలుచును. ఆ వరుసలో ఒక యేడు ఒక చేయి తగ్గినచో ఎవ్వరును గమనింపరు. ఆ చేయి ఇంటిలో మిషను చక్రము త్రిప్పుచుండును. అటుపై కొన్ని యేండ్లకు ఆ చేయియే, తన కూతురు చాటకు బదులు పుస్తకము పట్టుకొని చూచుచుండగా, నూటికి రెండున్నర లెక్కవేసి వేరుగ మూట కట్టుకొనును. జకాతు అను మాటలోని వృద్ధి యనెడి అర్థము అప్పటికి గాని సార్థకము కాదు.